పుట్టి నడిపిన మనిషికి ఓడ పాలసీ

నా సర్వీసులో నేను బీమా చేసినవాటిలో ఎక్కువవాటికి మాట రాదు. బర్రెలు, ఎద్దులు, గొర్రెలు, నాలుగైదు గాడిదలు. గట్టు మండలం వైపు గొర్రెల మందల వెంట, తెలకపల్లి వైపు పాడి బర్రెల వెంట తిరిగి ఇంటికి పోతే, మా ఇంటావిడ నా చొక్కా వాసన చూసి ఆ రోజు ఏ జంతువు దగ్గరికి పోయి వచ్చానో చెప్పేసేది. ఇప్పుడు మా వనపర్తి ఆఫీసులో నా కుర్చీలో కూర్చుంటున్న పిల్లలకు ఇదంతా తమాషాగా ఉంటుంది. నవ్వుకోండి, నాకేం బాధ లేదు. కాని ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో నాకు ఒకే ఒక మెమో వచ్చింది. అది ఎందుకు వచ్చిందో మాత్రం మీరు తెలుసుకోవాలి.

బర్రెకు పాలసీ ఇవ్వడం చిన్న పని కాదు. నోరు తెరిచి పళ్ళు చూడాలి, వయసు తేల్చాలి. కొమ్ముల వంపు రాసుకోవాలి. చెవికి నంబరు బిళ్ళ వేయాలి. నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫోటోలు తీయాలి. పశువుల డాక్టర్ సంతకం ఉండాలి. ఇంత చేసినా మా పై ఆఫీసువాళ్ళకు అది అదే బర్రె అని నమ్మకం కుదరదు.

మనుషులకు మాత్రం ఒక ఫారం. గుండె జబ్బు ఉందా, షుగరు ఉందా, ఉబ్బసం ఉందా అని ఒక పన్నెండు ప్రశ్నలు. ఒక్కోదాని ఎదురుగా ‘ఉంది’, ‘లేదు’ అని రెండు గడులు. మేము ఎవరమూ ఒక్కొక్కటి అడిగేవాళ్ళం కాదు. ‘లేదు’ గడులన్నిటి మీదుగా పైనుంచి కిందికి ఒకే గీత గీసేవాళ్ళం. ఆ విద్య నాకు నేర్పింది గద్వాలలో నా మొదటి సీనియర్. “ఎదురుంగ కూసున్న మనిషిని నీకేం రోగమున్నది అని అడుగుతరా? మర్యాద ఉండొద్దా?” అనేవాడు. నిజమే అనిపించింది. ఆ మర్యాద నాకు చాలా ఏళ్ళు అన్నం పెట్టింది.

ఇక నా చివరి ఏడాది. వనపర్తి బ్రాంచిలో మేము ముగ్గురమే ఉండేవాళ్ళం. మేనేజరు గారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. ప్రతి కాగితాన్నీ మూడుసార్లు చదివేవాడు, సంతకం పెట్టాక అయ్యో పెట్టేశానే అన్నట్టు దాని వంక చూసేవాడు. మా అటెండర్ నాకంటే రెండేళ్ళు చిన్న, ఇరవై ఏళ్ళుగా కలిసి పనిచేస్తున్నాం, నేను భాయ్ అని పిలిచేవాణ్ణి. మంచివాడే కాని ఆ ఏడాది ఎందుకో నాకు టీ సగం గ్లాసే తెచ్చేవాడు. మేనేజరుకు నిండు గ్లాసు, నాకు సగం. “రిటైరయ్యేటోనికి సగం చాలన్కున్నవా భాయ్?” అని రెండు మూడుసార్లు దెప్పాను. నవ్వి ఊరుకున్నాడు.

మరో సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడాది నా కుడి చేయి అప్పుడప్పుడు నన్ను అడక్కుండానే కదిలేది. సంతకం కొంచెం వంకర పోయేది. ఎవరికీ చెప్పలేదు. ఇంకో ఏడు నెలలుంటే గౌరవంగా దండ వేయించుకొని పోతాను, ఈలోపు మెడికల్ బోర్డు, పరీక్షలు, జాలి చూపులు ఎందుకని చేతిని బల్ల కింద పెట్టుకునేవాణ్ణి.

దసరా సెలవులు అయిపోయిన వారం. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున చేపల పులుసు హోటల్ నడిపే ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఒక స్టీలు డబ్బాలో వేపుడు చేపలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది, వాసనకు మేనేజరు గారు గదిలోంచి తొంగి చూశాడు.

“సారూ, మేం ఓడల పోతున్నం. నేను, మా ఆయన, మా బిడ్డ, మా అమ్మ, మా నాయిన. ఇన్సూరెన్స్ గావాలన్నరు. తక్కువల తక్కువ ఏదుంటె అది ఇయ్యుండ్రి.”

“ఏ ఓడమ్మా?”

“చెన్నైల ఎక్కాలె. శ్రీలంక దాక పోయి మల్ల చెన్నైలనే దింపుతరంట. ఐదు దినాలు.” ఆగి నా మొహం చూసింది. “మా నాయిన మీ దగ్గరికే పొమ్మన్నడు. పుట్టిల కండ్లు మూస్కొని కూసుంటుండె, ఆ సారు అని గుర్తు చెప్పిండు.”

నాకు వెంటనే గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, డ్యాం వెనకనీళ్ళు నిండి దారులు మునిగిపోతే ఒడ్డు ఊళ్ళకు పోవాలంటే పుట్టే దిక్కు. వెదురుతో అల్లి తారు పూసిన గుండ్రటి బుట్ట అది. నీళ్ళ మీద తిన్నగా పోదు, తిరుగుతూ పోతుంది. నాకు ఈత రాదు. చెవి బిళ్ళల సంచీ గుండెలకు పట్టుకొని కళ్ళు మూసుకునేవాణ్ణి. తెడ్డు వేసే మనిషి మాత్రం “ఏం లేదు సారూ, కూసో” అనేవాడు. ఆ మాట వింటే ఒడ్డు వచ్చేసినట్టు ఉండేది. ఆయన బిడ్డ ఈమె.

“మీ నాయినకు ఓడెందుకమ్మా, కృష్ణల ఇంత తిరిగిండు గద?” అన్నాను.

“అందుకే సారూ. నలభై ఏండ్లు జనాలను దాటిచ్చిండు. ఈ నీళ్ళు పోయి యాడ పడుతయో చూడాలె అని నా చిన్నప్పటి సంది అంటుండు. బీచికి తోల్కపోతనంటె వద్దన్నడు. ఒడ్డున నిలబడి చూసుడు గాదంట, నడిమిట్ల నిలబడి చూడాలంట. మూడేండ్ల సంది జమ చేసిన.”

మా కంప్యూటర్లో ప్రయాణ బీమా కూడా ఉందని నాకు ఆ రోజే తెలిసింది. మేనేజరు గారు పాత సర్క్యులర్ వెతికి తెచ్చి, చదివి, మళ్ళీ చదివి, “జాగ్రత్తండీ, ఇది బర్రె కాదు” అని హెచ్చరించాడు. అందులో మూడు రకాలున్నాయి. మొదటిది బాగా చవక. సామాను పోతే ఇస్తారు, ప్రయాణం ఆలస్యమైతే ఇస్తారు, దారిలో కొత్తగా జ్వరమో విరేచనాలో వస్తే ఆసుపత్రి ఖర్చు ఇస్తారు. రెండోదానిలో నడిసముద్రంలో మనిషికి ఏమైనా అయితే ఓడ మీది నుంచి ఒడ్డు ఆసుపత్రికి చేర్చే ఖర్చు కూడా ఉంది. మూడోది పెద్దవాళ్ళ కోసం. ముందునుంచే ఉన్న జబ్బు ప్రాణం మీదికి తెస్తే కూడా కొంత వరకు ఇస్తారు, కాని జబ్బు ముందే చెప్పాలి, డాక్టర్ కాగితం పెట్టాలి, ధర కూడా ఎక్కువ.

ఆమె చవకది అడిగింది. నేను చవకదే చూపించాను. ఐదుగురినీ ఒకే పాలసీలో వేస్తే ఇంకా తగ్గుతుందని కనిపెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు రోజుల తర్వాత సంతకాల కోసం అందరూ వచ్చారు. ముసలాయన తెల్లటి పంచె కట్టి, తువ్వాలు భుజాన వేసుకొని వచ్చాడు. భుజాలు ఇంకా వెడల్పుగానే ఉన్నాయి. ఆయన భార్య పక్కన కూర్చుంది, మాట తక్కువ మనిషి. భాయ్ టీలతో పాటు ఆకువక్క కూడా తెప్పిస్తే ముసలాయన వద్దన్నాడు. “మానిన. మూడేండ్లాయె” అన్నాడు. నేను ఫారం ముందుకు లాక్కొని, కలం పై గడి మీద పెట్టి, తల ఎత్తకుండానే అడిగాను.

“ఏం జబ్బుల్లేవు గద?”

“ఏం లేదు సారూ, రాస్కో.”

అదే గొంతు. పుట్టిలో విన్న గొంతు. నాకు ఒడ్డు చేరినట్టే అనిపించింది. పైనుంచి కింది దాకా గీత గీశాను. చేయి వణికి గీత కొంచెం వంకర పోయింది కాని గడులన్నీ దాని కిందికే వచ్చాయి.

ఓడకు ఇంకా పది రోజులుందనగా ఆ ఒడ్డు ఊళ్ళోనే ఒక బర్రె చచ్చిపోయిందని క్లెయిమ్ వచ్చింది. పొద్దున్నే వెళ్ళాను. ముసలాయన నన్ను చూసి తోడు వచ్చాడు. బర్రె ఉన్న కొట్టం గట్టు మీద ఉంది. నేను చచ్చిన బర్రె నోరు తెరిచి పళ్ళు చూశాను, చెవి బిళ్ళ నంబరు సరిచూశాను, నాలుగు వైపులా ఫోటోలు తీశాను. ఎప్పటి నుంచి మేత మానేసింది, ఏ డాక్టర్ చూశాడు, ఏ మందు పోశారు అని రైతును ఇరవై ప్రశ్నలు అడిగాను. ఇద్దరం కిందికి దిగి హోటల్ వైపు ఇంకో ఎత్తు ఎక్కుతున్నాం.

ఇరవై అడుగులకోసారి ముసలాయన ఆగుతున్నాడు. “అగో సారూ, ఈ ఏడు వానల్లేక నీళ్ళు ఎంత దూరం గుంజినయో చూడు” అంటాడు. ఇంకో ఇరవై అడుగులు వేసి, “గా రాయి కనవడుతుందా, దాని మీదికెళ్ళే మనం పోయేటోళ్ళం” అంటాడు. పాత రోజులు గుర్తు చేస్తున్నాడు పాపం అనుకున్నాను. మూడోసారి ఆగినప్పుడు ఏమీ చూపించలేదు. అటు తిరిగి నడుము దగ్గర నుంచి సున్నం డబ్బీ తీసి, మూత తెరిచి, ఏదో నోట్లో వేసుకున్నాడు.

ఆకువక్క మానేసి మూడేళ్ళయింది. మరి సున్నం డబ్బీ ఎందుకు?

“ఏందది?” అన్నాను.

“ఏం లేదు సారూ.”

ఈసారి ఆ మాటకు నాకు ఒడ్డు రాలేదు. దగ్గరికి పోయి మొహం చూశాను. చెమటలు. పెదవులు మూసుకొని నాలుక కింద ఏదో పెట్టుకున్నాడు. ఇద్దరం గట్టు మీదనే కూర్చున్నాం. కాసేపటికి ఊపిరి కుదురుకుంది. డబ్బీ నా చేతిలో పెట్టాడు. చిన్న చిన్న తెల్లటి మందు గోలీలు.

“ఎన్ని దినాల సంది?”

“రెండేండ్లాయె. నాగర్‌కర్నూల్ దవాఖానల చూపిచ్చుకున్న. గుండెకు నెత్తురు పోయే తొవ్వ సన్నగైందన్నడు. బరువు ఎత్తకు, గోలీలు మర్వకు అన్నడు. గంతే.”

“బిడ్డకు తెల్సా?”

“తెల్వదు. చెప్పకు సారూ, నీకు దండం పెడ్త. చెప్తె ఓడ బందు వెడ్తది.”

నాకు కోపం వచ్చింది. ఆయన మీదా, నా మీదా అని ఆ క్షణంలో విడదీసి చెప్పలేను. “మరి నేనడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?” అని గట్టిగానే అన్నాను.

ఆయన నీళ్ళ వైపు చూస్తూ చెప్పాడు. “పుట్టి నడిపేటోడు పానం బాగలేదంటె ఎవరెక్కుతరు సారూ? ఒకపారి పెండ్లోళ్ళను దాటియ్యాలె. నాకు సలి జరం, తెడ్డు పట్టుకుంటె చేతులు నిలుస్తలేవు. ఏమన్న అయితుందా అని పెండ్లికొడుకు నాయిన అడిగిండు. ఏం లేదు, కూసోండ్రి అన్న. అందర్ని దింపినంక ఇసుకల పడిపోయిన. గట్ల అలవాటైపోయింది. ఎవరడిగినా నోట్లకెళ్ళి గదే వస్తది.”

 నేను కూడా అలవాటుగానే గీత గీశాను.

కాని ఆయనకు పాలసీ సంగతి తెలియాలి. ఓడ మీద గుండెనొప్పి వస్తే ఈ కాగితం దేనికీ పనికి రాదని చెప్పాను. ఓడ డాక్టర్ ఖర్చు, ఒడ్డుకు చేర్చే ఖర్చు, పరాయి దేశపు దవాఖాన ఖర్చు అన్నీ బిడ్డ నెత్తిన పడతాయి, హోటల్ అమ్మినా తీరవని చెప్పాను.

“ఐదు దినాలే గద సారూ. ఏమైతది?”

“నన్ను ఎన్నిసార్లు దాటిచ్చినవు? ఒక్కసారన్న చిల్లువడ్డ పుట్టి ఎక్కిచ్చినవా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“నేను నీ బిడ్డకిచ్చింది చిల్లువడ్డ పుట్టి. తెల్వక ఇచ్చిన. ఇప్పుడు తెల్సినంక గూడ ఎక్కుమని చెప్పాల్నా?”

 ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకొని లేచాడు. “నువ్వు చెప్పకు. నేనే చెప్త. నువ్వు పక్కకుండు” అన్నాడు.

హోటల్ వెనక ఆమె కత్తిపీట ముందు కూర్చొని చేపలు కోస్తోంది. తల్లి మసాలా నూరుతోంది. ముసలాయన పోయి బిడ్డ ఎదురుగా గొంతుక్కూర్చుని సున్నం డబ్బీ తెరిచి పెట్టాడు. రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఆమె చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

“రెండేండ్లా?” అంది. తల్లి వైపు తిరిగింది. “నీకు తెల్సానే?”

“తెల్సు” అంది తల్లి, నూరడం ఆపకుండానే.

ఇప్పుడు ఉలిక్కిపడడం ముసలాయన వంతు. “నీకెట్ల తెల్సు?”

“నువ్వు మర్సిపోయిన దినం డబ్బీల గోలీలు ఏసేది ఎవరనుకున్నవ్?”

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కాని ఆ బిడ్డకు నవ్వు రాలేదు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు బాగా లేవు, మోచేత్తో తుడుచుకుంది. తుడుచుకొని నా వంక చూసింది.

“సారూ, పొద్దుగాల ఆ బర్రెకు నాలుగు దిక్కుల ఫోటోలు తీసిండ్రంట. నోరు తెర్సి పండ్లు గూడ చూసిండ్రంట. మా నాయిన మీ ఎదురుంగ కూసుండె. జర తలకాయ ఎత్తి మొఖం చూడకపోతిరి.”

గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అని ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేవాణ్ణి. నా ఉద్యోగంలో నన్ను ఎందరో తిట్టారు, క్లెయిమ్ రాని రైతులు కర్రలు కూడా ఎత్తారు. ఏదీ నాకు ఇలా తగల్లేదు.

“ఓడ వద్దు, ఏమొద్దు” అంది చివరికి. ముసలాయన “సరే బిడ్డా” అన్నాడు. ఎదురు చెప్పలేదు, బతిమాలలేదు. లేచి పోయి, ఒడ్డున బోర్లించి పెట్టిన తన పాత పుట్టి మీద కూర్చున్నాడు. ఆ ‘సరే’ వినలేక నేను కల్పించుకున్నాను.

“అమ్మా, ఇప్పుడే బందు వెట్టకు. డాక్టర్‌కు చూపిద్దాం. ఆయన వద్దంటె నేను గూడ వద్దంట. పొమ్మంటె మాత్రం పాలసీ నేను మారుస్త.”

“ఎట్ల మారుస్తరు? ఇచ్చిండ్రు గద.”

“అది నా బాధ” అన్నాను. ఎలా మార్చాలో అప్పటికి నాకు నిజంగా తెలియదు.

మర్నాడు నాగర్‌కర్నూల్ పోయాం, నేనూ వెళ్ళాను. డాక్టర్ పాత చీటీలు చూశాడు, పరీక్షలు చేయించాడు, ముసలాయనను వరండాలో అటూ ఇటూ నడిపించి నాడి పట్టాడు. “పోవచ్చు. మెట్లెక్కొద్దు, ఓడలో లిఫ్టుంటుంది. గోలీలు ఒకచోట కాదు, రెండు చోట్ల పెట్టుకోండి. మీ జబ్బు సంగతి పక్కనున్న వాళ్ళందరికీ తెలియాలి” అన్నాడు. కాగితం రాసిచ్చాడు. ఆ చివరి మాట విని బిడ్డ తండ్రి వైపు ఓరగా చూసింది. ముసలాయన గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు.

కాగితం పట్టుకొని మేనేజరు గారి గదిలోకి పోయాను. అంతా చెప్పాను. ఆయన మొహం తెల్లబోయింది.

“ఇచ్చిన పాలసీ రద్దు చేసి కొత్తది ఇవ్వాలంటే కారణం రాయాలండీ” అన్నాడు. కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించాడు. “పాలసీదారు జబ్బు దాచాడని రాయండి. మీకేం అంటదు. ఏడు నెలల్లో రిటైరవుతున్నారు, ఎందుకు మీకీ గొడవ?”

ఆయన నా మంచికే చెప్పాడు. కాని దాచాడని ఒకసారి రికార్డులో పడితే ఆ ముసలాయనకు కొత్త పాలసీ ఎవరూ ఇవ్వరు. ఓడ అక్కడితో అయిపోతుంది. అంతకంటే ముఖ్యం, అది అబద్ధం.

“ఆయన దాచలేదు సార్. అడగాల్సినట్టు నేను అడగలేదు” అన్నాను.

నా బల్ల దగ్గరికి వచ్చి లెటర్ రాయడం మొదలుపెట్టాను. ఫారంలోని ఆరోగ్య ప్రశ్నలు నేను చదివి వినిపించలేదు, గీత నేనే గీశాను, ఈ పొరపాటు పూర్తిగా నాది అని. మూడు వాక్యాలు. చేయి నిలవలేదు. మొదటి కాగితం పాడైంది, రెండోదీ పాడైంది. భాయ్ కొత్త కాగితాలు తెచ్చి పెట్టి, గాలికి ఎగరకుండా పైన తన చేత్తో అదిమి పట్టుకున్నాడు. మూడో కాగితం మీద అక్షరాలు నిలిచాయి.

మేనేజరు గారు దాన్ని మూడుసార్లు చదివాడు. నాలుగోసారి కూడా చదువుతాడేమో అనుకున్నాను. చదవలేదు. ఫోన్ తీసి హైదరాబాద్ ఆఫీసుకు చేశాడు. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు, ఒకరి నుంచి ఇంకొకరికి, గంటసేపు మాట్లాడాడు. తలుపు తీసే ఉంది, అన్నీ వినిపించాయి. “మా స్టాఫ్ పొరపాటు” అంటాడేమో అని ఎదురుచూశాను. ప్రతిసారీ “మా ఆఫీసు పొరపాటండీ, నేను కూడా సంతకం పెట్టాను” అన్నాడు. పిరికివాడని నేను రెండేళ్ళు లోలోపల వెక్కిరించిన మనిషి ఆయన. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేసి క్షేమం అడుగుతాను.

పాలసీ కొత్తగా రాశాం. ఐదుగురినీ ఒకే మూటలో కట్టకుండా విడదీశాం. ముసలివాళ్ళిద్దరికీ మూడో రకం, జబ్బు పేరు, గోలీల పేరు రాసి, డాక్టర్ కాగితం జోడించి. మిగతా ముగ్గురికీ రెండోది. ఇలా విడదీస్తే మొత్తం మీద ఆమె భయపడినంత పెరగలేదు. మొదటి రోజే నేను ఇది చేసి ఉండాల్సింది. ఈసారి పన్నెండు ప్రశ్నలూ ఐదుగురికీ ఒక్కొక్కటిగా చదివి వినిపించాను, మొహాలు చూస్తూ. గంటన్నర పట్టింది. ముసలాయన మనవరాలికి చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదని అప్పుడే బయటపడింది. మర్యాదకు ఏమీ కాలేదు.

కొత్త పాలసీ వాళ్ళు రైలెక్కే ముందు రోజు వచ్చింది. నా మెమో మూడు వారాలకు వచ్చింది. ఇకముందు ఇట్టి నిర్లక్ష్యం జరగకుండా చూసుకోవలెను అని ఉంది. నాకు మిగిలిన సర్వీసు చూస్తే, ఆ ‘ఇకముందు’ ఎవరి కోసమో అర్థం కాలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, మీ కోసమే.

ఆ ఐదు రోజులు నేను ఎలా గడిపానో చెప్పలేను. టీవీలో వాతావరణం వార్తలు వస్తే బంగాళాఖాతం వైపు చూసేవాణ్ణి. ఫోన్ మోగితే ముందు భాయ్ నా మొహం చూసేవాడు. ఆరో రోజు ఆమె ఫోన్ చేసి “ఒడ్డుకొచ్చినం సారూ, అందరం మంచిగున్నం” అంది. పాలసీ వాడాల్సిన పని రాలేదు. నేను ఇచ్చిన పాలసీలన్నిటిలో వాడకుండా మిగిలిందని నేను సంతోషంతో ఏడ్చింది దాని ఒక్కదానికే.

రిటైరయ్యాక ఒక రోజు వాళ్ళ హోటల్‌కు పోయాను. ముసలాయన నన్ను బోర్లించిన పుట్టి పక్కన మంచం మీద కూర్చోబెట్టాడు. సముద్రం ఎలా ఉందని అడిగాను.

“ఉన్నది సారూ, ఉప్పుగ” అన్నాడు. రెయిలింగు మీద పడ్డ తుంపర వేలితో తీసి నోట్లో వేసుకొని చూశాడట. “నాలుగు దిక్కుల ఒడ్డు లేదు. నలభై ఏండ్లు ఒడ్డు చూసుకుంటనే నడిపిన. ఆడ ఒడ్డే లేదు. మన నీళ్ళు యాడ కలిసినయో తెల్వలేదు గని, ఆడ్నే ఉన్నయి లే అనుకున్న.” పుట్టి మీద చేయి వేసి, మళ్ళీ అన్నాడు. “నిద్రపోయిన సారూ. నీళ్ళ మీద నేను నిద్రపోవుడు గదే మొదలు.”

టీలు తెచ్చిన బిడ్డ నవ్వుతూ అందుకుంది. “అది గాదు, ఎక్కేటప్పటి ముచ్చట చెప్పు నాయినా.” ఆయన చెప్పకపోతే తనే చెప్పింది. చెన్నైలో ఓడ ఎక్కే ముందు మళ్ళీ ఒక ఫారం ఇచ్చారట. వెనక పెద్ద వరస. గుండె జబ్బు ఉందా అని ఉన్న చోట ఆమె చేయి ఆగిందట. ఉందని రాస్తే ఎక్కనిస్తారో లేదో అని భయం. ఆ ఒక్క చోట లేదని పెడితే ఏం పోతుందిలే అనిపించిందట. పక్కన నిలబడ్డ తండ్రి వరస మొత్తానికి వినపడేలా “ఉన్నది, రాయి బిడ్డా” అన్నాడట.

“సిగ్గనిపియ్యలేదా?” అని అడిగాను ఆయనను.

“సిగ్గెందుకు సారూ? గా ఓడ నేను నడుపుతలేను గద. నేను ఎక్కేటోన్ని” అన్నాడు. “నడిపేటోడు చెప్పొద్దు. ఎక్కేటోడు చెప్పొచ్చు.”

ఓడ డాక్టర్ ఆయన కాగితాలన్నీ చూసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి పలకరించి పోయేవాడట. నేను టీ గ్లాసు అందుకున్నాను. నిండుగా ఉంది. రెండు చేతులతో పట్టుకున్నా అంచు మీదుగా కొంచెం ఒలికి వేళ్ళ మీద పడింది. చప్పున కింద పెట్టి చేయి నా భుజాన ఉన్న తువ్వాలు కిందికి లాక్కున్నాను.

ముసలాయన సముద్రం ముచ్చట ఆపాడు. నా చేయి దాక్కున్న చోటును కాసేపు చూసి, ఆ తర్వాత తల ఎత్తి నా మొహం చూశాడు. నలభై ఏళ్ళు తెడ్డు వేసినవాడు, చేతుల సంగతి ఆయనకు చెప్పక్కర్లేదు.

“ఎన్ని దినాల సంది సారూ?”

“ఏం లే...” అని మొదలుపెట్టాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. నేను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. వనపర్తిలో భాయ్ తెచ్చిన ఆ సగం గ్లాసులన్నీ అప్పుడు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పిసినారితనం అని నేను దెప్పిన సగం గ్లాసులు. ఏడాదంతా ఒక్క మాట అనకుండా తెచ్చాడు.

“ఉన్నది” అన్నాను. “రెండేండ్లు కావొస్తున్నది.”

ఆయన చేయి చాపాడు. నా గ్లాసు తీసుకొని సగం టీ తన గ్లాసులో పోసుకొని, మిగిలిన సగం నా చేతికిచ్చాడు.

“రేపు దవాఖానకు పోదాం. నేను తోడొస్త” అన్నాడు.